రెండోసారి అడగకూడని మాట

టూరిస్టుల బస్సు హారన్ వినపడితే చాలు, కాసిల్దాకి అరికాలి మంట నెత్తికెక్కేది.

ఆ రోజూ అంతే. ఆగస్టు ఎండ అప్పటికే వాల్దెబార్రో ఊరి సున్నపు గోడల మీద పడి కళ్లలోకి కొడుతోంది. బానలు కాల్చే ఆవం ముందు పెరట్లో నిలబడి ఆమె ముక్కుకూజా ఎత్తి గొంతులోకి నీళ్లు ధారగా పోసుకుంటుంటే, చర్చి ముందర బస్సు ఆగిన చప్పుడైంది. వెంటనే టోపీలు, ఫోన్లు, ఆహాలు, ఓహోలు. "వచ్చారమ్మా దేవుళ్లు" అని గొణిగి కూజాని గోడవారన దబ్బున పెట్టింది. దాని పిడి ఊడి చేతికొచ్చింది. ఆ కోపం కూడా బస్సు మీదకే పోయింది.

వాల్దెబార్రో బానల ఊరు. వంటింటి బానలు కావు. వైన్ పులియబెట్టే బానలు, ఇద్దరు మనుషుల ఎత్తుండేవి, లోపల కడగాలంటే నిచ్చెన వేసుకుని దిగాల్సినవి. అంతంత బానలు కుమ్మరి సారె మీద ఎక్కడ తిరుగుతాయి? బాన కదలదు, మనిషే దాని చుట్టూ తిరుగుతాడు. బంకమన్నుని తాడులా పేని భుజాన వేసుకుని, వెనక్కి వెనక్కి నడుస్తూ, బొటనవేలితో నొక్కుకుంటూ ఒక వరస పేరుస్తాడు. రోజుకి ఒక్క వరసే. అది బిగిశాక మర్నాడు ఇంకో వరస. కాసిల్దా మొగుడు లెయాంద్రో బతుకంతా అలా వెనక్కే నడిచాడు. పని కొట్టంలో అతని మడమలు తొలిచిన గుండ్రటి గాడి ఇప్పటికీ ఉంది. మనిషే లేడు. ఈస్టర్ పండగకి ముందు దగ్గి దగ్గి పోయాడు.

అతను చేసిన చివరి బానలే ఇవాళ ఆవంలో ఉన్నాయి. వాటిలో అన్నిటికన్నా పెద్దదాన్ని మరిది అన్సెల్మో ఎవరో హోటలు వాళ్లకి మాటిచ్చేశాడు. వాళ్లు గుమ్మం దగ్గర పెట్టుకుని అందులో ఈత మొక్క నాటుకుంటారట.

"పూలకుండీ!" అంది కాసిల్దా, వినేవాళ్లు ఎవరూ లేకపోయినా. "నా మొగుడి ఆఖరి బాన వీళ్లకి పూలకుండీ!"

"పొద్దున్నే మొదలెట్టావా వదినా?" అంటూ రానే వచ్చాడు అన్సెల్మో. ఊరి కౌన్సిల్లో టూరిస్టుల వ్యవహారాలు చూసేది అతనే. బానపొట్ట, ఆ పొట్టకి అంటుకుపోయిన తడి చొక్కా, చేతిలో చెమట తుడుచుకునే రుమాలు. ఎడమచేతి ఉంగరపు వేలు లేదు. కుర్రతనంలో ద్రాక్షగానుగ కొరికేసింది. "నీ అరుపులకి బస్సు డ్రైవరు భయపడి వెనక్కి తిప్పుతున్నాడు. కాస్త నవ్వు. టీవీ వాళ్లు కూడా వచ్చారు."

"నవ్వుతాను. నిన్ను ఆ ఆవంలో పెట్టి కాల్చిన రోజున పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతాను."

అన్సెల్మో పొట్ట ఊగేలా నవ్వాడు. వాళ్లిద్దరి మధ్య ఇది రోజూ ఉండేదే. అతను గిల్లుతాడు, ఆమె కరుస్తుంది. మధ్యలో లెయాంద్రో ఉన్నప్పుడు, "ఎవరైనా ఏదైనా అంటే పలక్కుండా ఉండటం నీకు ఈ జన్మకి చేతకాదే" అని పెళ్లాన్నే విసుక్కునేవాడు. ఇప్పుడు ఆ విసుక్కునే మనిషి లేక తగవులు హద్దు దాటుతున్నాయి. పోయిన వారమే అన్సెల్మో ఊరి చివర పాడుబడ్డ ఆవంలో స్పీకర్లు పెట్టించాడు. టూరిస్టులు లోపలికి తొంగిచూస్తే దాంట్లోంచి పాతకాలపు పనివాళ్ల అడుగులు, దగ్గులు, గుసగుసలు వినిపిస్తాయి. కాసిల్దా ఆ రోజు అతని మీదకి చీపురు విసిరింది. తగిలింది కూడా.

టూరిస్టులు పెరట్లోకి వచ్చి పడ్డారు. ఆవం గదంత ఉంటుంది. దాని ద్వారాన్ని ఇటుకలతో కట్టి, మట్టి మెత్తి, అప్పుడు కింద గుంటలో మంట పెట్టాలి. ద్వారం అప్పటికే దాదాపు మూసుకుపోయింది. తల పట్టేంత కంత మాత్రం మిగిలి ఉంది.

ఆ కంత ఊరికే వదలరు. వెనకటి రోజుల్లో పనివాళ్లు మధ్యాహ్నపు కునుకు కోసం చల్లగా ఉంటుందని ఆవంలోని బానల్లోకి దిగి పడుకునేవాళ్లట. ఒకసారి చూసుకోకుండా మూసేశారు. ఎవరిని మూసేశారో చెప్పరు. అప్పట్నుంచీ ఆచారం పుట్టింది. ఇంటికి పెద్ద ఎవరో వాళ్లు కంతలో తల పెట్టి, "లోపల ఎవరైనా ఉన్నారా?" అని అడగాలి. ఒక్కసారే. అందరూ గప్‌చుప్‌గా నిలబడాలి. జవాబు రాకపోతే కంత మూసేయొచ్చు. రెండోసారి మాత్రం అడగకూడదు. ఎందుకు అడగకూడదని కాసిల్దా చిన్నప్పుడు వాళ్ల నానమ్మని అడిగింది. నానమ్మ చెప్పలేదు, మూతి మీద ఒక్కటిచ్చింది.

కాసిల్దా కొంగులాంటి ఏప్రానుకి చేతులు తుడుచుకుని కంతలో తల పెట్టింది. లోపల చీకటి. పచ్చిమట్టి వాసన, దాని వెనకాల పాత మసి వాసన. పక్కపక్కనే నిలబడ్డ బానల మూతులు ఆ చీకట్లో ఇంకా నల్లగా కనిపించాయి. వాటి మధ్య పెద్దది. లెయాంద్రో బొటనవేలి నొక్కులు దాని మెడ చుట్టూ. ఆమె అడిగింది.

"లోపల ఎవరైనా ఉన్నారా?"

ఏమీ లేదు. ఎక్కడో ఒక పిచ్చుక అరిచింది. పని అయిపోయింది. ఆమె తల బయటికి తీసి ఇటుక అందుకుంది.

"అయ్యో, ఆగండాగండి!" అంది మైకు పట్టుకున్న టీవీ అమ్మాయి. "కెమెరా ఆన్ కాలేదు. ఇంకొక్కసారి అనండి, ప్లీజ్. అదే మాట, ఇంకొంచెం గట్టిగా."

"అనను" అంది కాసిల్దా.

"ఒక్కసారే కదా ఆంటీ..."

"ఎవతే నీకు ఆంటీ? ఒక్కసారే కాబట్టే అననన్నాను!"

టూరిస్టులు ఫోన్లెత్తి ఇదంతా తీసుకుంటున్నారు. అన్సెల్మో రుమాలుతో మెడ తుడుచుకుంటూ ముందుకొచ్చాడు. "ఏమీ అనుకోకండి, మా వదినకి భయం. నానమ్మ కథలు విని పెరిగింది. నోరు మాత్రం ఊరంత ఉంటుంది, గుండె ఇంతే" అని చిటికెనవేలి గోరు చూపించాడు. అందరూ గొల్లుమన్నారు. "పోనీలే వదినా, నేనడుగుతాలే. నువ్వెళ్లి లోపల శనగలు ఉడికాయేమో చూసుకో."

అదుగో, అక్కడే తెగింది. ఇంటి పెద్ద అడగాల్సిన మాట వీడు అడుగుతాడా! మొగుడు పోయి ఏడాది కూడా తిరక్కుండా వీడు ఆవం ముందు నిలబడి పెత్తనం చేస్తాడా! కోపం కళ్లకి అడ్డంపడితే కాసిల్దాకి నానమ్మా గుర్తురాదు, దేవుడూ గుర్తురాడు.

"భయమా? నాకా? కావాలా మీకు? అయితే వినండి!" అంటూ కంతలోకి తల దూర్చి, పెరడంతా దద్దరిల్లేలా అరిచింది.

"లోపల ఎవరైనా ఉన్నారా!"



పిచ్చుక కూడా అరవలేదు.

తర్వాత లోపల్నుంచి, చాలా మెల్లగా, చాలా మర్యాదగా...

"బయట... ఎవరైనా ఉన్నారా?"

టూరిస్టులు చప్పట్లు కొట్టారు. "ఎంత బాగా పెట్టారో స్పీకరు!" అన్నారెవరో. కాసిల్దా మాత్రం కంతకి మొహం పెట్టినది పెట్టినట్టే ఉండిపోయింది. అది తన మాటకి ప్రతిధ్వని కాదు. తను అరిచింది. అది అడిగింది. చల్లటి గాలి ఒకటి వచ్చి ఆమె మొహాన్ని తాకింది, నేలమాళిగ తలుపు తీసినట్టు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కాసిల్దా నోట మాట రాలేదు.

"జరుగు వదినా" అని అన్సెల్మో ఆమెని భుజంతో పక్కకి నెట్టి, తన తల దూర్చాడు. "ఉన్నామయ్యా ఉన్నాం! బానపొట్టతో సహా నేనిక్కడే ఉన్నాను!"

పెరడంతా పకపకలు. లోపల అతని నవ్వు బానల్లో తిరిగి తిరిగి వినిపించింది. అంతలోనే ఆ నవ్వు టక్కున ఆగిపోయింది.

అతను తల బయటికి తీయలేదు. కాసేపు అలాగే వంగి ఉన్నాడు. జోకుని సాగదీస్తున్నాడనుకుని జనం ఇంకా నవ్వుతూనే ఉన్నారు. చివరికి మెల్లగా నిలబడ్డాడు. ఎడమచెయ్యి జేబులో పెట్టుకున్నాడు. రుమాలు కింద పడిపోయి ఉంది, దాన్ని తీసుకోలేదు.

"మూసేద్దాం" అన్నాడు.

కుడిచేత్తో తనే ఇటుకలు పెట్టాడు, తనే మట్టి మెత్తాడు. ఆ ఇటుకలు పెట్టే హక్కు కూడా కాసిల్దాదే. ఆమెకి వచ్చిన కోపానికి అతని మొహం చూడబుద్ధి కాలేదు. అప్పుడు చూసి ఉంటే బాగుండేది.

మధ్యాహ్నానికి ఊరు సద్దుమణిగింది. బస్సు వెళ్లిపోయింది. ఇళ్ల కిటికీలకి చెక్కలు దిగాయి, కునుకు వేళ. కుక్కలు కూడా బండ్ల కింద చేరాయి. ఆవం కింద గుంటలో కాసిల్దా ఒక్కతే కూర్చుంది. మొదట్లో సన్నటి సెగే పెట్టాలి, లేకపోతే బానలు పగులుతాయి. ఎండిన ద్రాక్షకొమ్మల కట్టల్లోంచి ఒక్కో కొమ్మా తీసి పొయ్యిలోకి తోస్తూ మరిదికి శాపనార్థాలు పెడుతోంది. గుంటలోకి ఎండ దిగదు. మంట వెలుతురు తప్ప ఇంకేమీ లేదు. పొగ, మట్టి, చెమట కలిసిన వాసన.

టక్.

తలెత్తింది. నెత్తిమీద ఆవం నేల.

టక్... టక్.

బాన బాగుందో లేదో చూడటానికి వేలి కణుపుతో కొట్టే చప్పుడు అది. లెయాంద్రో కొట్టేవాడు. కానీ ఈ చప్పుడు లోపలివైపు నుంచి వస్తోంది.

"వదినా..."

కాసిల్దా చేతిలో కొమ్మ ఆగిపోయింది.

"వదినా... తెరువు."

అన్సెల్మో గొంతు. ఉన్న కాస్త భయమూ ఆ గొంతు వినగానే ఎగిరిపోయి, కోపం రివ్వున లేచింది. "ఒరేయ్ అన్సెల్మో! ఇక్కడ కూడా పెట్టావట్రా నీ దిక్కుమాలిన స్పీకర్లు? మీ అన్న బానల మధ్య పెట్టావా? సిగ్గుందా నీకు?"

"స్పీకరు కాదు వదినా. నేనే. చీకటిగా ఉంది. ఎలా వచ్చానో తెలీదు... పెద్దబానలో ఉన్నాను. పైకి పాకుతున్నాను, జారి మళ్లీ పడుతున్నాను."

"ఓహో! మాటలు కూడా రికార్డు చేయించావా? ఎంత తీసుకున్నాడు ఆ స్పీకర్లవాడు?"

"కాలుతోంది వదినా... నవ్వులాట కాదు. మా అమ్మ మీద ఒట్టు."

"కాలనీ! కాలి బూడిదైపో! ఊరికి పట్టిన పీడ వదులుతుంది!" అని ఒక్కసారిగా కట్టకి కట్ట ఎత్తి పొయ్యిలోకి తోసింది. మంట భగ్గుమంది. పైన ఒక కేక వినిపించింది. ఆ కేక వింటే ఎవరికైనా గుండె జారిపోవాల్సిందే. కాసిల్దాకి మాత్రం చిర్రెత్తుకొచ్చింది. ఇంత దగా! గుంటలోంచి మెట్లెక్కి, అతన్ని వెతికి రెండు దులుపుదామని పెరట్లోకి వచ్చింది.

వెతకనక్కర్లేకపోయింది. అన్సెల్మో పెరటి మధ్యలో నిలబడి ఉన్నాడు.

నడినెత్తిన ఎండ. టోపీ లేదు. ఆవం పొగగొట్టం వైపు చూస్తూ చిన్నగా నవ్వుతున్నాడు.

"ఇక్కడున్నావా? ఆపు ముందు నీ స్పీకరు! మనిషివేనా నువ్వు?"

అతను ఆమె వైపు తిరిగాడు. ఎప్పుడూ కారిపోయే మనిషి, ఆ ఎండలో నుదుట ఒక్క చెమట చుక్క లేదు. చొక్కా పొడిగా, ఇస్త్రీ చేసినట్టు ఉంది.

"ఆపేస్తాను, కాసిల్దా గారూ" అన్నాడు. "ఇబ్బంది పెట్టినందుకు క్షమించండి. మీరు ఇంకాసిని కట్టెలు వేస్తే, అదే ఆగిపోతుంది."

క్షమించండా? ఈ మనిషి నోటి నుంచా? ఆమెకేదో తేడాగా తోచింది. కానీ కోపంలో ఉన్న మనిషికి తేడా కూడా వెటకారంలాగే వినిపిస్తుంది. "గారూ అట, గారూ!" అని ఉమ్మేసి, మళ్లీ గుంటలోకి దిగి, పంతానికి ఇంకో కట్ట వేసింది.

పైన మాటలు లేవు. గీరుతున్న చప్పుడు మాత్రం ఉంది. గోళ్లతో మట్టిని గీరినట్టు. కాసేపటికి అదీ ఆగిపోయింది.

"ఆపేశాడు వెధవ" అనుకుంది కాసిల్దా.

ఆవం పూర్తిగా చల్లారాక, ఊళ్లోవాళ్లు వచ్చి ద్వారం పగలగొట్టి బానల్ని దొర్లించుకుంటూ బయటికి తెచ్చారు. పగుళ్లు లేవు. ఎర్రగా, నిండుగా కాలాయి. కాసిల్దా ఒక్కొక్కదాన్నీ వేలి కణుపుతో కొట్టి చూసింది. చర్చి గంటల్లాగా ఖంగు ఖంగుమన్నాయి. పెద్దదాన్ని కొట్టింది.

ధబ్.

మళ్లీ కొట్టింది. ధబ్. నిండుగా ఉన్నట్టు, మొద్దుగా. హోటలు మనిషి మొహం ముడుచుకుని, "ఇది మాకొద్దు, ఇంకోటి ఇవ్వండి" అన్నాడు. సరేనంది. లాంతరు పట్టుకుని, నిచ్చెన వేసుకుని, ఏముందో చూద్దామని తనే లోపలికి దిగింది.

బాన ఖాళీగానే ఉంది. కానీ గోడల నిండా వేళ్ల గీతలు. అడుగు నుంచి మూతి దాకా, పైకి పాకినట్టు, జారినట్టు, మళ్లీ పాకినట్టు. మట్టిలోకి లోతుగా దిగి కాలిపోయిన గీతలు. ఆవంలో పెట్టేనాటికి ఆ మట్టి ఎండి గట్టిపడి ఉంది. ఇనుప మేకుతో కూడా అంత లోతు గీయలేరు. కాసిల్దా లాంతరు దగ్గరికి జరిపింది. కుడిచేతివి నాలుగు గీతలు, బొటనవేలు. ఎడమచేతివి మూడే గీతలు, బొటనవేలు. ఉంగరపు వేలు ఉండాల్సిన చోట మట్టి నున్నగా ఉంది.

ఆ నున్నటి చోటుని వేలితో తడిమి, నిచ్చెన ఎక్కి బయటపడింది. 

స్పీకర్లవాణ్ని చొక్కా పట్టుకుని నిలదీసింది. మీ ఆవంలో నేనేం పెట్టలేదమ్మా, పెట్టనిస్తావా నువ్వు, అన్నాడు వాడు బెదిరిపోయి. అక్కడి నుంచి అన్సెల్మో ఇంటికి పరిగెత్తింది. అతని పెళ్లాం రెమెడియోస్ గుమ్మంలో కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు వలుస్తోంది.

"నీ మొగుడేడీ?"

"లోపలున్నారు అక్కా. ఎంత మారిపోయారనుకున్నావ్!" అంది రెమెడియోస్, సంతోషపడాలో భయపడాలో తెలియనట్టు. "అరవట్లేదు, గురక లేదు, వెల్లుల్లి ముట్టట్లేదు. నన్ను కూడా 'మీరు' అని పిలుస్తున్నారు. కునుకు వేళ మాత్రం... పడుకోరు. కుర్చీలో కూర్చుని గోడకేసి చూస్తుంటారు. రెప్ప వెయ్యకుండా."

"ఆ ఎడమచెయ్యి చూశావా?"

"జేబులోంచి తియ్యరు కదా" అంది రెమెడియోస్. గింజలు వలవడం ఆపేసింది.

కాసిల్దా పెద్దబానని తన వంటింట్లోకి దొర్లించి తెప్పించుకుంది. ఎవరెన్ని అన్నా వినలేదు. దాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని, తనని తాను తిట్టుకునేది. వాడు ఒట్టేసి చెప్పాడే! వాళ్లమ్మ మీద ఒట్టేశాడే! నీ పాడు కోపం తగలబడ, తెరవలేదే! అని నెత్తి మొత్తుకునేది. అప్పుడప్పుడు కణుపుతో బానని కొట్టేది. ధబ్, అనేది బాన. ఆ చప్పుడు వినపడితే ఆమెకి కాస్త ఊపిరాడేది. వాడు ఇక్కడైనా ఉన్నాడు కదా అనుకునేది.

ఒక మధ్యాహ్నం కునుకు వేళ, ఎదురింటి వాకిట్లో ఎవరో నిలబడి అడగడం కిటికీ చెక్కల సందులోంచి చూసింది. పొడి చొక్కా, జేబులో చెయ్యి.

"లోపల ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నా, ఉన్నా! ఎవరది?" అంది లోపల్నుంచి తొమాసా. కాసిల్దాతో వీధి కుళాయి దగ్గర ఏళ్ల తరబడి జుట్టూజుట్టూ పట్టుకున్న తొమాసా. ఆ రోజు అన్సెల్మో పలికిన మాట గుర్తొచ్చి, తొమాసా, పలక్కు, అని అరవబోయింది కాసిల్దా. అప్పటికే ఆలస్యమైపోయింది.

మర్నాడు తొమాసా ఎదురుపడి, "శుభోదయం కాసిల్దా గారూ" అంది. ఎండలో నిలబడి. చెమట లేకుండా.

ఆ తర్వాత ఊరు ఎంత మర్యాదగా తయారైందంటే, టూరిస్టులు పొగడలేక చచ్చారు. ఒక్క తిట్టు లేదు. ఒక్క తలుపు దబ్బున వేసిన చప్పుడు లేదు. సారాకొట్టులో పేకాట దగ్గర కూడా గొడవల్లేవు. పెరట్లో వరసగా నిలబెట్టిన మిగతా బానలు, గంటల్లాగా మోగినవి, ఒక్కొక్కటే ధబ్ ధబ్ అనడం మొదలుపెట్టాయి. రోజూ సాయంత్రం కాసిల్దా వాటిని కొట్టి చూసి, ఎవరెవరో లెక్కపెట్టుకుని ఏడ్చేది. ఊరంతటికీ కోపమొచ్చే మనిషి ఇక తనొక్కతే.

పట్నం వెళ్లిపోవచ్చు కదా అంటారు మీరు. కాసిల్దానా! "నా ఇల్లు. నా ఊరు. నా మొగుడు నడిచిన నేల. ఆ పొడి మొహాలకి భయపడి నేను పారిపోవాలా?" అంది, ఎవరూ అడక్కపోయినా.

ఒకరోజు కునుకు వేళ ఆమె వాకిలి ముందు నీడ ఆగింది. గుమ్మానికి వేలాడే గడ్డితెర మెల్లగా పక్కకి జరిగింది. తెరని పట్టుకున్నది ఎడమచెయ్యి. కాసిల్దా ఆ చేతినే చూస్తూ ఉండిపోయింది. బొటనవేలు, చూపుడువేలు, నడివేలు... ఉంగరపు వేలు... చిటికెనవేలు. అన్నీ ఉన్నాయి.

"లోపల ఎవరైనా ఉన్నారా?"

నాలుకని పళ్ల మధ్య బిగబట్టింది. అనాల్సినవి ఎన్ని ఉన్నాయో! దొంగ వెధవా, మా అన్సెల్మో ఏడిరా, అని ఆ పొడి మొహాన్ని గోళ్లతో చీరేయాలని ఉంది. అప్పుడు పక్కనున్న బానలోంచి, ఎక్కడో బావి అడుగు నుంచి వచ్చినట్టు...

"పలకొద్దు... వదినా."

ఏప్రాన్ అంచు నోట్లో కుక్కుకుని కూర్చుంది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. చాలాసేపటికి తెర వదిలిన చప్పుడైంది. తర్వాత అడుగులు. దూరంగా పోవట్లేదు. ఇంటి చుట్టూ తిరుగుతున్నాయి. వేళ్లు ముందు ఆని, తర్వాత మడమ పడే అడుగులు. ఆ నడక ఆమెకి తెలుసు. జీవితమంతా విన్నది. వెనక్కి నడుస్తున్న మనిషి నడక.

సాయంత్రం తలుపు తీసేసరికి, ఇంటి చుట్టూ గోడ మొదట్లో, గుమ్మానికి అడ్డంగా కూడా, జానెడు ఎత్తున తడిమట్టి వరస ఉంది. పొడుగునా బొటనవేలి నొక్కులు.

అగ్గిమీద గుగ్గిలమై తన్ని తన్ని పడగొట్టింది. మర్నాడు కునుకు వేళకి అది మళ్లీ లేచింది, ఇంకో వరస ఎక్కువగా. గునపం తెచ్చి పొడిచింది. ఆ మర్నాడు ఇంకో వరస. కిటికీ దాటింది. గునపం దిగడం మానేసింది. ఎండిపోయిన మట్టి, రాయిలా. ఇరుగుపొరుగు వచ్చి చూశారు. సాయం పట్టలేదు. ఒక్కొక్కరే ఎండిన ద్రాక్షకొమ్మల కట్ట తెచ్చి, గోడవారన పొందిగ్గా పేర్చి, "మంచిది కాసిల్దా గారూ" అని వెళ్లారు. వాళ్లలో రెమెడియోస్ కూడా ఉంది.

ఇవాళ ఇల్లంతా చీకటి. పచ్చిమట్టి వాసన ఊపిరాడనివ్వట్లేదు. చూరు దాకా మూసుకుపోయింది. తలుపు పైన ఒకచోట మాత్రం వెలుతురు మిగిలింది, తల పట్టేంత.

కాసిల్దాకి ఇప్పుడు అర్థమైంది. పలికితే తొమాసాకి పట్టిన గతే. పలక్కపోతే... పలక్కపోతే ఏం చేస్తారో ఆమెకన్నా ఎవరికి బాగా తెలుసు? జవాబు రాకపోతే మూసేయొచ్చు. అదే కదా ఆచారం. మూసి, మట్టి మెత్తి, కొమ్మలకి నిప్పు పెట్టడమే.

వెలుతురు ఆరింది. కంతలో ఎవరిదో తల.

"లోపల..."

ఈసారి అన్సెల్మో గొంతు కాదు. కాస్త బొంగురుగా, చివర్లో చిన్న దగ్గుతో. లెయాంద్రో గొంతు.

"లోపల ఎవరైనా ఉన్నారా?"

కాసిల్దా పెదాలు వాటంతటవే విడిపోతున్నాయి. ఏం చెయ్యను రా మరిదీ, ఏం చెయ్యమంటావు, చెప్పరా... చీకట్లో చెయ్యి చాచి, పక్కనున్న బానని కణుపుతో కొట్టింది.

బాన ఖంగుమంది. గంటలా. ఖాళీగా.